రచయితను నానబెట్టే పద్ధతి

సాహిత్యానికి పుస్తకం చేసిన మేలు ఏమీ లేదు. చేసిందంతా తపాలా బిళ్ళే!

కోప్పడకండి. కాస్త తీరిగ్గా ఆలోచించండి. పుస్తకం అంటే ఏమిటి? బరువు. దుమ్ము. ఇంటికి వచ్చినవాడు ఊరుకోడు, బీరువా వంక చూసి "ఇవన్నీ చదివారా?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నకు జడిసి ఎంతమంది పెద్దమనుషులు అద్దాల తలుపులు పీకించి చెక్క తలుపులు పెట్టించుకున్నారో మీకు తెలియదా?

అదే రచయితను బొటనవేలంత చేసి, చుట్టూ పళ్ళు కొట్టి, వీపున జిగురు రాయండి. ఎవడైనా "చదివారా?" అంటాడా? అనడు! "ఎక్కడ దొరికిందండీ!" అంటాడు. కళ్ళు పెద్దవి చేస్తాడు. ఊపిరి తగిలితే ఎగిరిపోతుందేమోనని మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఏ రచయితకైనా బతికుండగా ఇంత మర్యాద జరిగిందా?

పైగా పుస్తకం తెరిస్తే లోపల ఏముంటుందో తెలియదు. స్టాంపు తిప్పి చూస్తే జిగురే ఉంటుంది. మోసం లేదు.

నా మాట మీద నమ్మకం లేకపోతే మా వీధి మలుపులో చేతిగడియారాలు బాగుచేసే ఆయన సంగతి వినండి. ఆయన్ని అందరూ స్టాంపులాయన అంటారు. అసలు పేరు గడియారాలు బాగుచేయించుకున్నవాళ్ళకు కూడా తెలియదు.

ఆయన కొట్టు ఒక కుర్చీకి సరిపోతుంది. గిరాకీ బయట నిలబడాలి. బల్ల మీద రెండు పట్టకార్లు ఉంటాయి. ఒకటి గడియారాలది. రెండోదాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి పెడతాడు, అది స్టాంపులది. దాన్ని పెళ్ళాం కూడా ముట్టుకోకూడదు.

స్టాంపులంటే అన్నీ కావు సుమండీ! పువ్వులు, పక్షులు, రైలింజన్లు ఆయనకు ఆనవు. పుస్తకాలు, రచయితలు, పాత రాతప్రతులు. ఈ మూడు బొమ్మలుంటేనే స్టాంపు, తక్కినవి చిత్తుకాగితాలు. ప్రపంచంలో కలం పట్టినవాళ్ళంతా ఆయన బట్టల బీరువాలో, దుప్పట్ల కింద, ఆల్బమ్‌లలో వరసగా పడుకుని ఉన్నారు.

ఏ మహాకవి గురించైనా అడగండి. తడుముకోడు.

"కుడివైపు తిరిగి ఉంటాడు. ఊదారంగు. ఎండ తగిలితే వెలుస్తాడు."

మరి ఆ పేరుమోసిన నవలా రచయిత్రి?

"గుండ్రటి కళ్ళజోడు. మొండి మనిషి. ఎంత నానబెట్టినా ఒక పట్టాన ఊడిరాదు."

పశువుల సంతలో నోరు తెరిపించి వయసు చెప్పేవాడిలా, అంచున పళ్ళు చూసి ఏ రచయిత ఎక్కడివాడో చెప్పేస్తాడు. ఇంత క్లుప్తంగా, ఇంత నిష్పక్షపాతంగా మాట్లాడే విమర్శకుడు ఇంకొకడు ఉన్నాడా? ఉంటే చూపించండి!

ఆ విలువ కనిపెట్టినవాడు సాహిత్య సంఘం అధ్యక్షుడు. గడియారం పట్టీ మార్పించుకుందామని వచ్చి, ఆల్బమ్ తిరగేసి, పట్టీ సంగతి మరిచిపోయి ఉత్తచేత్తో వెళ్ళిపోయాడు. తరవాతి సభకు స్టాంపులాయన్ని పిలిచి వేదిక మీద కూర్చోబెట్టారు. మైకు ఆయన దాకా వచ్చింది. ఆయన దాన్ని పక్కాయనకు అందించాడు. అంత తెలిసినవాడు కాబట్టే మాట్లాడటం లేదని సభ మొత్తం చప్పట్లు కొట్టింది.

ఆయన పుస్తకాలు కొనడని మీరు అనుకుంటే తప్పు. కొంటాడు! తడిసిన స్టాంపు ఆరుతూ ఆరుతూ చివర్లు ముడుచుకుంటుంది. దాని మీద బరువు పడాలి. అందుకని పాత పుస్తకాల దుకాణానికి వెళ్తాడు. పుస్తకం తెరవడు. చేతిలోకి తీసుకుని, గుమ్మడికాయ ఎత్తి చూసినట్టు కిందికీ మీదికీ ఊపి చూస్తాడు.

"ఇంకాస్త బరువైనది లేదా?"

"ఇది చాలా మంచి నవలండీ."

"మంచిదేనయ్యా, తూగడం లేదు."

కవిత్వం జోలికి అసలు పోడు. ఒకసారి ఒక రచయిత స్టాంపు మీద అదే రచయిత నవల పెట్టి నొక్కాడు. ఆ రోజు ఆనందం పట్టలేక భార్యను కేకేశాడు.

"చూశావా! సొంత రచన కింద ఎంత హాయిగా పడుకున్నాడో!"

"ఆ రచనలో ఒక పేజీ అయినా తిప్పారా?"

"తిప్పితే గాలి దూరుతుందే. నొక్కు సమంగా పడదు."

ఇక నానబెట్టడం. అది ఈ విద్యలో గుండెకాయ. స్టాంపును పీకకూడదు, గోకకూడదు, ఆవిరి పట్టకూడదు. కవరు ముక్కతో సహా గోరువెచ్చని నీళ్ళలో వెయ్యాలి. వేసి ఎదురు చూడాలి. అదే బుద్ధి పుట్టి కాగితాన్ని వదిలి తేలాలి. అంతవరకూ ఇల్లు అంటుకున్నా చెయ్యి పెట్టకూడదు.

కవరు లోపల ఉన్నదాన్ని ఆయన సరుకు అంటాడు. సరుకు వల్ల కవరు ఉబ్బుతుంది, స్టాంపు నలుగుతుంది. అందుకని సరుకు బయటికి లాగి భార్య చేతిలో పెట్టేస్తాడు. ఎవరికి జ్వరం తగ్గింది, ఎవరు ఇల్లు మారారు, ఇవన్నీ ఆవిడ చూసుకుంటుంది.

ఇలా మూడు పువ్వులూ ఆరు కాయలుగా సాగుతున్న సాహిత్య సేవలోకి ఒక పార్సెల్ వచ్చి పడింది.

కొట్టుకే వచ్చింది. లావుపాటి కట్ట. దాని అంచున ఉన్న స్టాంపు చూడగానే స్టాంపులాయన కంటి భూతద్దం జారి కింద పడింది. పాత రాతప్రతి, దాని పక్కన రాసేవాడి చెయ్యి. ఆ చెయ్యి తలకిందులుగా అచ్చయింది! ఇలాంటి పొరపాటు కోసం మనుషులు జుట్టు తెల్లబడేదాకా తిరుగుతారు. కొట్టు మూశాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు కట్టను ఎత్తుకుని ఇంటికి పరిగెత్తాడు.

అయితే పంపినవాడెవడో గాని, జిగురు పూయడంలో ధారాళమైన మనిషి. స్టాంపును సగం ముందు వైపుకు, సగం మూల మీదుగా పక్క వైపుకు మడిచి అతికించాడు. కత్తిరిద్దామంటే కత్తెర వెళ్ళదు. కట్ట విప్పుదామంటే మడత దగ్గర పళ్ళు విరిగేలా ఉన్నాయి.

ఆయన ఎక్కువ ఆలోచించలేదు. బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి పార్సెల్‌ని పార్సెల్‌లాగే ముంచేశాడు.

పెరట్లోకి వచ్చిన భార్య అదిరిపడింది. "లోపల సరుకు ఉందేమో చూడరా?"

"తడిస్తే ఆరుతుంది. పన్ను విరిగితే మొలుస్తుందా?"

"పంపింది ఎవరు?"

ఆయనకు తెలియదు. పంపినవారి పేరు వెనక వైపు ఉంటుంది. స్టాంపు ముందు వైపు కదా ఉండేది!

స్టాంపు ఇంకా బుద్ధి పుట్టించుకునే పనిలో ఉండగానే ఫోను మోగింది. ఆవిడ తీసింది. అవతల ఆవిడ తండ్రి.

"అమ్మాయ్, నా పార్సెల్ అందిందా?"

"ఏం పార్సెల్ నాన్నా?"

"నా నవలమ్మా. అల్లుడుగారికి పంపాను. ఆయనకి నచ్చుతుందని పోస్టాఫీసులో అడిగి మరీ రాతప్రతి స్టాంపు అతికించా."

ఆవిడ ఫోను చెవి దగ్గర అలాగే ఉంచుకుని బకెట్ వంక చూసింది. నీళ్ళు నీలంగా ఉన్నాయి.

ఆ మామగారి సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. జన్మంతా పడవ రేవులో నిలబడి టికెట్లు చించాడు. రిటైరయ్యాక కూర్చుని నవల రాశాడు. చేత్తో, ఇంకు కలంతో, ఒకటే ప్రతి. జిరాక్సు తీయిద్దాం నాన్నా అని కూతురు పోరితే, "ఎవరైనా ఒకరు చదవనీ, అప్పుడు తీయిద్దాం" అన్నాడు. సంఘం అధ్యక్షుడికి ఇచ్చాడు, అద్భుతం అని తిరిగొచ్చింది. పెద్ద బడి హెడ్మాస్టరుకు ఇచ్చాడు, మహాద్భుతం అని తిరిగొచ్చింది. పెద్దాయనకు ఎక్కడో అనుమానం పుట్టింది. సొంతవాడు, పైగా వేదికలెక్కే సాహిత్యవేత్త, అల్లుడైతే ఉన్నమాట చెబుతాడని పంపాడు.

"ఆదివారం వస్తానమ్మా," అన్నాడు ఫోనులో. "మొహమాటపడొద్దని చెప్పు. చదివి, బాగోలేకపోతే బాగోలేదనే చెప్పమను."

ఆవిడ ఫోను పెట్టేసింది. బకెట్ పక్కన కూర్చుని తడి కాగితాలు నారుమడిలో నారు పీకినట్టు ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టింది.

"ఏమే, పోయిందంటావా?"

"ఆదివారం మా నాన్న మొహం చూసి మీరే చెప్పండి."

ఆయన కూడా కూర్చున్నాడు. డాబా మీద తాళ్ళు కట్టారు. చాలక బట్టల తీగ మీది చొక్కాలు కూడా తీసేసి నవల ఆరేశారు. గాలి వచ్చింది. నవల వీధిలోకి బయల్దేరింది! స్టాంపులాయన మెట్ల మీంచి దూకి, పాలబ్బాయి సైకిల్ చక్రంలోంచి ఒక పేజీ, ఎదురింటివాళ్ళ గేటు మీంచి ఒక పేజీ, ఒక పేజీ అయితే నడిచిపోతున్న పెద్దమనిషి వీపు మీంచి ఒలిచి తెచ్చాడు.

అన్నీ దొరికాయి. కానీ ఏది ముందో ఏది వెనకో ఎవరికి తెలుసు? ముసలాయన పేజీలకు అంకెలు వెయ్యలేదు. రేవులో రోజంతా అంకెలు చూసి చూసి విసిగిపోయాడట.

ఇక్కడే, పాఠకులారా, ఆ పచ్చని సంసారంలో అనర్థం ప్రవేశించింది. వరస తెలియాలంటే చదవాలి!

ఇంకు పోయినా అక్షరం పూర్తిగా పోలేదు. టికెట్లు చించీ చించీ మొరటైన చెయ్యి కదా, కలాన్ని కూడా నొక్కే పట్టింది. కాగితాన్ని వాలుగా పట్టుకుంటే కలం దిగిన గాళ్ళు కనిపించాయి. స్టాంపులాయన కంటికి భూతద్దం పెట్టుకుని ఆ గాళ్ళ వెంట సన్నటి పెన్నుతో దిద్దడం మొదలుపెట్టాడు. మొదట్లో గడియారంలో పళ్ళచక్రం చూసినట్టు అక్షరం అక్షరమే చూశాడు. అర్థం జోలికి పోలేదు. అంత జాగ్రత్తపరుడు! కానీ పక్కన ఆయన తల్లి కూర్చుని ఉంది. చూపు ఆనదు, చెవులు మాత్రం పాముచెవులు.

"ఏం రాశాడురా మీ మామ? పైకి చదువు."

చదివాడు. ఒక రేవు. రోజూ పొద్దున మొదటి పడవకు ఒక అమ్మాయి వస్తుంది. టికెట్ తీసుకుంటుంది. అవతలి ఒడ్డున దిగదు. అదే పడవలో వెనక్కి వస్తుంది. చేతిలో గొడుగు. వాన కురిసినా తెరవదు.

"ఎందుకురా?"

"తెలీదమ్మా."

"తెలీకపోతే తరవాతి కాగితం తియ్యి!"

తరవాతి కాగితం ఏదో వెతికారు. ఆ వెతుకులాటలో పడవ నడిపేవాడికీ టికెట్లు చించేవాడికీ పందెం పడింది. ఆ అమ్మాయి రహస్యం ముందు ఎవరు కనిపెడతారా అని. ఆ టికెట్లవాడు వేసే చమత్కారాలకు స్టాంపులాయన భార్య నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఇంట్లో ఉప్పు తక్కువైందని కూడా చెప్పేవాడు కాదు మా నాన్న. ఇన్ని మాటలు ఎక్కడ దాచుకున్నాడు?"

ఆ తరవాత ఆ ఇంటి పతనం మీరు చూడాల్సింది! పొయ్యి మీద టీ మరిగి మరిగి తారులా అయింది. కొట్టు తెరవలేదు. గడియారాల కోసం జనం ఇంటికొస్తే వాళ్ళనూ కూర్చోబెట్టి గాళ్ళు దిద్దించారు. ఒకాయన రైలు టైము చూసుకోవడానికి గడియారం అడగొచ్చి, పందెం ఎవరు గెలుస్తారో చూద్దామని రైలు వదిలేశాడు. స్టాంపు నేర్పే బుద్ధి పుస్తకం ఎప్పుడైనా నేర్పిందా? స్టాంపుల మూలంగా రైలు తప్పినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి!

ఆ స్టాంపు ఏమైందని అడుగుతారా? తల్లి బకెట్ నీళ్ళు జామచెట్టుకు పోసేసింది. ఆ సంగతి ఆయనకు మర్నాడో ఆ మర్నాడో తెలిసింది. "ఊఁ" అన్నాడు. భూతద్దం తీయలేదు. అప్పుడు పడవ నది మధ్యలో ఉంది. ఇంజన్ ఆగిపోయింది. టికెట్లవాడు ధైర్యం చేసి మొదటిసారి ఆ అమ్మాయిని "ఎందుకమ్మా రోజూ వస్తావు?" అని అడిగాడు. ఆ అమ్మాయి గొడుగు మీద చెయ్యి వేసి, నోరు తెరిచింది.

అక్కడితో అక్షరాలు అయిపోయాయి.

ఇంకా దండిగా కాగితాలున్నాయి. అన్నీ తెల్లగా. వాలుగా పట్టుకున్నాడు. దీపం పక్కనుంచి పెట్టాడు. గాళ్ళు లేవు.

"ముగింపు దగ్గర మామయ్య చెయ్యి తేలికపడి ఉంటుంది," అన్నాడు భార్యతో. "నొక్కి రాయలేదు. మొత్తం కడుక్కుపోయింది."

"అధ్యక్షుడుగారు ఆ ముగింపునే కదండీ అంతగా మెచ్చుకున్నారు!"

"హెడ్మాస్టరు కూడా."

"ఒరేయ్, ఇంతకీ ఆ పిల్ల ఏమంది?" అంది తల్లి.

మొగుడూ పెళ్ళాం ముందే కూడబలుక్కున్న అబద్ధం ఒకటి ఉంది. ఆదివారం మామగారు రాగానే 'అద్భుతం మామయ్యగారూ, ముఖ్యంగా ముగింపు' అనాలని. వేదిక మీద వందసార్లు విన్న మాటే, నోరు తిరగనిది కాదు. ఇప్పుడది అనడానికి మనసొప్పలేదు.

ఆదివారం మామగారు వచ్చాడు. చెప్పులు విప్పకుండానే బల్ల మీద కట్టను చూశాడు. ఇస్త్రీ చేసినా అది ఇంకా క్యాబేజీలా ఉబ్బే ఉంది.

"ఇదేమిటి అల్లుడుగారూ, లావెక్కింది?"

"నీళ్ళలో వేశాను మామయ్యగారూ. స్టాంపు కోసం." అల్లుడు తల ఎత్తలేదు. "ఉన్నంతవరకూ దిద్దుకున్నాం. ముగింపు దక్కలేదు. ఒక్క అక్షరం కూడా. చేతులారా నేనే కడిగేశాను."

మామగారు ఏదో అనబోయే లోపల వియ్యపురాలు అందుకుంది.

"పోతే పోయింది, రాసిన మనిషి నిక్షేపంలా ఉన్నాడుగా! అన్నయ్యగారూ, ముందు ఇది చెప్పండి. ఆ పిల్ల ఎందుకు పడవెక్కుతుంది? ఆ గొడుగేమిటి? నాకు మూడు పూటలుగా అన్నం సయించడం లేదు."

మామగారు కుర్చీలో కూలబడ్డాడు. కట్ట తిరగేశాడు. కొన్ని చోట్ల అల్లుడి దస్తూరి, కొన్ని చోట్ల కూతురిది, ఒకచోట రైలు తప్పినవాడిది. చివర్న తెల్లకాగితాలు. వాటిని ఒకటొకటే తిప్పాడు. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని కూతురు పరిగెత్తింది. ఆయన నవ్వుతున్నాడు.

"ఇవి పోలేదు నాయనా. ఇక్కడ నేనేమీ రాయలేదు."

"రాయలేదా?"

"ముగింపు తోచలేదు. చదివినవాళ్ళు, చివర ఏమైందయ్యా అని ఎలాగూ అడుగుతారు కదా, అప్పుడు ఆలోచిద్దామని తెల్లకాగితాలు పెట్టి కట్ట కట్టాను. ఎవరూ అడగలేదు."

"మరి అధ్యక్షుడుగారు ముగింపు అద్భుతం అన్నారుగా?"

"ఆయన ఒక్కడేనా! హెడ్మాస్టరుగారికి ముగింపు దగ్గర కళ్ళనీళ్ళు ఆగలేదట."

కూతురు నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. అల్లుడు మాత్రం నవ్వలేదు. తెల్లకాగితాన్ని భూతద్దం పెట్టి మళ్ళీ ఒకసారి చూశాడు, తప్పిపోయినవాడి కోసం వీధి చూసినట్టు.

సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు మామగారికి ఫోను చేశాడు. మామగారికి కొంచెం చెవుడు, అందుకని స్పీకరు పెట్టాడు. గొంతు ఇంటి నిండా మోగింది.

"శుభవార్తండీ! మన సంఘం మీ నవలను ఘనంగా సత్కరించాలని తీర్మానించింది. పుస్తకం వేద్దామని కొందరన్నారు. కానీ పుస్తకమంటే మళ్ళీ అందరూ చదవాల్సి వస్తుంది, ఎందుకొచ్చిన ఇబ్బంది? మీ బొమ్మతో స్టాంపు వేయిస్తున్నాం!"

స్టాంపులాయన తల పైకి లేచింది. సొంత మామ! సొంత మామ, స్టాంపు మీద! పళ్ళతో సహా!

"బొమ్మ కింద మీ నవల చివరి వాక్యం వేద్దామని అందరి కోరిక," అన్నాడు అధ్యక్షుడు. "ఎంత గొప్ప వాక్యమండీ అది! ఏదీ, ఒక్కసారి మీ నోటితో చెబితే రాసుకుంటాను."

"ఇంకా రాయలేదండీ," అన్నాడు మామగారు.

అధ్యక్షుడు తొణకలేదు.

"ఫరవాలేదండీ. ఉన్న చోటు వేలెడంత. అందులో పట్టేది ఏదైనా చెప్పెయ్యండి."

మామగారు అల్లుడి వంక చూశాడు. అల్లుడు చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు. సభలో మైకు పక్కాయనకు అందించిన మనిషి, దీన్ని ఎవరికీ అందించలేదు.

"అధ్యక్షుడుగారూ, ఇక్కడ పడవ నది మధ్యలో ఆగిపోయి ఉంది. తరవాత చెయ్యండి."

"ఏ పడవండీ?" అంటూనే ఉంది ఫోను. పెట్టేశాడు.

తల్లి అప్పటికే తెల్లకాగితాలు మామగారి ముందుకు తోసింది. కూతురు కలం తెచ్చింది.

"ఎందుకెక్కి ఉంటుందమ్మా, నీకేమనిపిస్తోంది?" అని అడిగాడు ఆయన వియ్యపురాల్ని.

"నన్నడుగుతారేం అన్నయ్యగారూ! రాసేవారు మీరు. మీరు రాయండి, నేను వంక పెడతాను."

ఆయన కలం మూత తీశాడు.

పాఠకులారా, స్టాంపు ఎందుకు గొప్పదో చెప్పడానికి నా దగ్గర ఇంకా బోలెడు కారణాలున్నాయి. తీరిగ్గా చెప్పేవాణ్ణే. కానీ ఆ ఇంటి కిటికీ దగ్గర ఇప్పటికే జనం మూగారు. రైలు తప్పినాయన ముందు వరసలో నిలబడ్డాడు. నాకు చోటు దొరికేలా లేదు. నేను వెళ్తున్నాను. మీరు ఆల్బమ్ చూసుకుంటూ ఉండండి.